అవచి తిప్పయ సెట్టి: రాజుగారి పరిమళాల ఖజానా ఈయన చేతిలోనే.. 600 ఏళ్ల నాటి తెలుగు పెర్‌ఫ్యూమ్ కథ

పెర్‌ఫ్యూమ్ అనగానే మనకి పారిస్ గుర్తొస్తుంది. షానెల్ నంబర్ 5 గుర్తొస్తుంది. పెద్ద ఫ్యాషన్ హౌస్‌లకి సొంతంగా పరిమళాల నిపుణులు ఉంటారని, వాళ్లు తయారు చేసిన సీసా లక్షలు పలుకుతుందని వింటుంటాం. కానీ మన తెలుగు నేల మీద ఆరు వందల ఏళ్ల కిందటే ఓ రాజుగారికి ప్రత్యేకంగా సుగంధ ద్రవ్యాల ఖజానా ఉండేది. దాన్ని చూసుకోవడానికి ఓ పెద్దాయన ఉండేవాడు. ఆయనే అవచి తిప్పయ సెట్టి. ఆ రాజు గద్దె పోయింది, కోట కూలింది. సెట్టిగారి పేరు మాత్రం ఇంకా బతికే ఉంది. ఎలాగో చూద్దాం.

ఎవరీ తిప్పయ సెట్టి?

తిప్పయ సెట్టి తండ్రి పేరు దేవయ సెట్టి. అవచి వారిది పేరున్న వర్తక కుటుంబం. తిప్పయతో పాటు తిరుమల సెట్టి, చామి సెట్టి అనే సోదరులు కూడా వ్యాపారంలో ఉన్నారు. 14వ శతాబ్దం చివర, 15వ శతాబ్దం మొదట్లో వీళ్ల ఓడలు తూర్పు, పడమర సముద్రాలు రెండింట్లోనూ తిరిగాయి. వీళ్లు ఊళ్లో కొట్టు పెట్టుకుని కూర్చునే వ్యాపారులు కారు. దేశాలు దాటి సరుకు తెచ్చి నేరుగా రాజాస్థానాలకు అందించే స్థాయి వాళ్లది.

వీళ్ల దగ్గర సరుకు కొన్న వాళ్లలో ఒకడు కొండవీటి రెడ్డి రాజు కుమారగిరి రెడ్డి. 1386లో గద్దెనెక్కిన ఈ రాజుకి కర్పూర వసంతరాయలు అని బిరుదు. ఏటా వసంతకాలం వచ్చిందంటే చాలు, కొండవీడులో వసంతోత్సవం మొదలయ్యేది. పన్నీరు చల్లుకోవడం, కర్పూరపు పొడి వెదజల్లడం, గంధాలు పూసుకోవడం.. దూరదూరాల నుంచి కవులు వచ్చేవారు. ఆస్థాన నర్తకి లకుమాదేవి నాట్యం సరేసరి. ఈ రాజు, లకుమాదేవి కథతోనే సి.నారాయణరెడ్డి 1957లో కర్పూర వసంతరాయలు కావ్యం రాశారు.

మరి ఇంత పండగకి కావాల్సిన సుగంధాలు ఎవరు తేవాలి? ఆ బాధ్యత తిప్పయ సెట్టిది. అందుకే సాహిత్య చరిత్రకారులు ఆయన్ని రాజుగారి సుగంధ భాండాగారాధ్యక్షుడు అంటారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే రాయల్ పెర్‌ఫ్యూమ్ హౌస్‌కి హెడ్ అన్నమాట.

రాజుగారికి నచ్చిన పరిమళాలు ఇవే

శ్రీనాథుడి హరవిలాసం పీఠికలో ఈ సరుకుల జాబితా ఉంది. ఎక్కడి సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఊరి పేరుతో సహా ఉంది. చామి సెట్టిని పొగిడే పద్యంలో వచ్చే ఆ పేర్లు చూస్తే ఆ కుటుంబ వ్యాపారం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

కర్పూరం: రాజుగారి బిరుదులోనే ఉన్న ద్రవ్యం ఇది. పంజారం నుంచి తెచ్చినట్టు పద్యంలో ఉంది. అంటే సుమత్రా దీవి పడమటి తీరంలోని ఫన్సూర్ అని పండితులు చెబుతారు. ఇప్పుడు హారతికి వెలిగించే ఫ్యాక్టరీ కర్పూరం లాంటిది కాదిది. అడవిలో పెద్ద చెట్టు కొట్టి, చీల్చి, లోపల దొరికిన పలుకులు ఏరాలి. చాలా చెట్లలో అసలు ఏమీ దొరకదు. ఫన్సూర్ కర్పూరం బంగారంతో సరితూగే ధర పలికేదని యాత్రికుడు మార్కో పోలో రాశాడు. అలాంటి కర్పూరాన్ని పొడి చేసి పండగలో గాల్లోకి చల్లారు. ఖర్చు ఎంతయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

కస్తూరి: ఇది భోట దేశం నుంచి, అంటే టిబెట్ వైపు నుంచి వచ్చేది. హిమాలయాల్లో తిరిగే మగ కస్తూరి జింక పొట్ట దగ్గరుండే చిన్న తిత్తిలో ఇది తయారవుతుంది. దాని కోసం జింకను చంపేవారు. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వేట మన దేశంలో పెద్ద నేరం.

జవ్వాది: కావ్యాల్లో దీని పేరు సంకుమదం. పునుగు పిల్లి నుంచి తీసే చిక్కటి ద్రవం ఇది. సెట్టిగారింటికి గోవా నుంచి వచ్చేది. పచ్చిగా వాసన చూస్తే ముక్కు మూసుకుంటాం. కొంచెం తీసుకుని మిగతా పరిమళాల్లో కలిపితే మాత్రం వాసన చాలాసేపు నిలబడుతుంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి రాసే పునుగు తైలం గురించి వినే ఉంటారు. ఇది ఆ కోవలోదే.

కుంకుమపువ్వు, పన్నీరు: వసంతోత్సవానికి తిప్పయ సమకూర్చిన వాటిలో ఇవి కూడా ఉన్నాయి. పన్నీటిలో గంధం, కుంకుమపువ్వు కలిపితే రంగూ, వాసనా రెండూ వస్తాయి.

పరిమళాలే కాదు.. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి అంటే ఇప్పటి ఇరాన్ తీరంలోని హోర్ముజ్ నుంచి గుర్రాలు, చైనా నుంచి పట్టు కూడా ఈ కుటుంబం దిగుమతి చేసింది.

సరుకు దిగింది ఎక్కడ?

తెలుగు తీరంలో అప్పటి పెద్ద రేవు మోటుపల్లి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఇక్కడ అభయ శాసనం వేయించాడు. ఓడలు పగిలి కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాక్కునే రోజులవి. సుంకం మాత్రమే తీసుకుంటాం, సరుకు ముట్టుకోం అని ఆ శాసనం మాటిచ్చింది. గంధం, దేశీ కర్పూరం, చైనా కర్పూరం, పన్నీరు, జవ్వాది ఆ సుంకాల పట్టికలో ఉన్నాయి. తర్వాత 1358లో కుమారగిరి తండ్రి అనవోత రెడ్డి కూడా అదే రేవులో వ్యాపారులకు భరోసా ఇస్తూ శాసనం వేయించాడు. అవచి వారి సంపద ఈ భరోసా మీదే పెరిగింది. రాజుకి సుంకం, సెట్టికి లాభం.. ఇద్దరికీ ఓడే ఆధారం.

రాజమండ్రితో లింకు ఏంటి?

ఇక్కడే కథ గోదావరి వైపు తిరుగుతుంది. కుమారగిరికి కళలు, ఉత్సవాల మీద ఉన్న మోజు పాలన మీద లేదు. రాజ్యభారం చాలావరకు బావమరిది, మంత్రి కాటయ వేముడు మోశాడు. ఈయన కత్తి పట్టడమే కాదు, కాళిదాసు మూడు నాటకాలకు కుమారగిరిరాజీయం పేరుతో వ్యాఖ్యానం కూడా రాశాడు. ఆయన సేవకి ప్రతిఫలంగా కుమారగిరి రాజమహేంద్రవరం రాజ్యం ఇచ్చేశాడు.

ఇది దాయాదులకి నచ్చలేదు. 1402 ప్రాంతంలో పెదకోమటి వేమారెడ్డి కొండవీటి గద్దె పట్టేశాడు. కర్పూరం చల్లిన కోట నుంచి కర్పూర వసంతరాయలే వెళ్లిపోవాల్సి వచ్చింది. అక్కడి నుంచి కొండవీడు, రాజమండ్రి శత్రువులైపోయాయి. ఒకే ఇంటి వాళ్లు గోదావరి కోసం ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. పండగకి పోసిన డబ్బే రాజ్యాన్ని ముంచిందా అంటే అంత సులువుగా చెప్పలేం. కానీ ఉత్సవాల్లో మునిగిన రాజు ఇంటిని చక్కబెట్టుకోలేకపోయాడన్నది మాత్రం నిజం.

కాటయ వేముడి కూతురు అనితల్లి. 1423 నాటి కలువచేరు శాసనం ఆమెదే. ఆమె భర్త వీరభద్రారెడ్డి రాజమండ్రిని ఏలాడు. ఆ కొలువులోకే శ్రీనాథుడు వచ్చి కాశీఖండం అంకితమిచ్చాడు. ఆ ఆస్థాన మంత్రి బెండపూడి అన్నయకి ద్రాక్షారామం మహిమ చెప్పే భీమఖండం అంకితమిచ్చాడు.

చిన్ననాటి స్నేహమే నిలబెట్టింది

తిప్పయ సెట్టి, శ్రీనాథుడు చిన్ననాటి స్నేహితులు. ఆ చనువుతోనే సెట్టిగారు ఓ శివకావ్యం రాసి ఇమ్మని అడిగాడు. అలా పుట్టిందే ఏడు ఆశ్వాసాల హరవిలాసం. చిరుతొండ నంబి కథ ఉన్నది ఇందులోనే. అప్పట్లో కావ్యం అంకితం పుచ్చుకోవడం అంటే ఎక్కువగా రాజులు, మంత్రుల వంతు. ఓ వర్తకుడు ఆ వరుసలో నిలబడటం చిన్న విషయం కాదు.

కాలం ఎవరినీ వదల్లేదు. 1420ల్లో కొండవీటి రెడ్ల పాలన ముగిసింది. 1448 ప్రాంతంలో రాజమండ్రి గజపతుల చేతికి వెళ్లింది. కస్తూరి వాసనల మధ్య తిరిగిన శ్రీనాథుడు చివర్లో కృష్ణా తీరంలో పొలం కౌలుకి తీసుకుని, పన్ను కట్టలేక అవమానాలు పడ్డాడని ఆయన పేరుతో ఉన్న చాటువులు చెబుతాయి.

1921లో ఎర్నెస్ట్ బో తయారు చేసిన షానెల్ నంబర్ 5 ఇప్పటికీ షాపులో దొరుకుతుంది. తిప్పయ సెట్టి కర్పూరం, కస్తూరి ఏ పాళ్లలో కలిపించాడో చెప్పే కాగితం ఒక్కటీ మిగల్లేదు. వాసన గాల్లో కలిసిపోయింది. కానీ సుమత్రా కర్పూరం, టిబెట్ కస్తూరి, గోవా జవ్వాది ఒకప్పుడు తెలుగు రేవుల్లో దిగాయన్న సంగతి మనకి తెలిసిందంటే, ఆయన అడిగి రాయించుకున్న ఆ పుస్తకం వల్లే. సెట్టిగారు పెట్టిన పెట్టుబడుల్లో ఆరు వందల ఏళ్లుగా నష్టం రానిది అదొక్కటే.