ఫ్యాక్టరీ గేటు కాడ నిలబడ్డ షాయర్

ఎలక్షన్లు వచ్చినయంటె మన ఊర్లల్ల పాటకు గిరాకి పెరుగుతది. ఏ పార్టీ బండి వచ్చినా మైకుల మన యాసే, మన దరువే. రాసినోడు మనోడే, పాడినోడు మనోడే. పైసలు పెట్టినోడు మాత్రం వేరేటోడు. ఎలక్షన్లు అయిపోయినంక అదే గాయకుడు రాని పింఛన్ మీద, మూతబడ్డ ఫ్యాక్టరీ మీద పాట కడితె మైకు దొరకదు, స్టేజీ దొరకదు. ఫోన్ల పెడితె అది ఎంతమందికి కనబడాల్నో ఎక్కడో ఉన్న కంపెనీ చెప్తది. పాటగాన్ని తప్పు పట్టుడు అలక. ఆయనకూ ఇల్లున్నది, పిల్లలున్నరు. కానీ పాటకు తిండి పెట్టేటోళ్లు ఎవరు అన్న సవాల్ మాత్రం మనం అడగాలె.

ఈ సవాల్ అడిగినప్పుడల్లా నాకు మఖ్దూం మొహియుద్దీన్ యాదికొస్తడు. హైదరాబాద్‌ల హిమాయత్‌నగర్ దిక్కు పోయినోళ్లు మఖ్దూం భవన్ బోర్డు చూసే ఉంటరు. ట్యాంక్ బండ్ మీద విగ్రహం కూడా ఉన్నది. పేరు ఎరుకే, మనిషి ఎరుక లేదు. ఆయన రాసింది ఉర్దూల గదా, మనకేం సంబంధం అనుకునేటోళ్లు మస్తు మంది ఉన్నరు. ఆయన మన ఊరోడే. బీదోడే. అందుకే ఈ నాలుగు ముచ్చట్లు రాస్తున్న.

ఒక్క దస్తర్‌ఖాన్ మీద అందరు

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న ఆందోల్‌ల పుట్టిండు. అప్పుడది మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. చిన్నప్పుడే తండ్రి చనిపోయిండు. తల్లి ఇంకో పెండ్లి చేసుకొని పోయింది. చిన్నాయన బషీరుద్దీన్ సాదిండు. మసీదు ఊడ్చుడు, నమాజ్‌కు వచ్చేటోళ్లకు నీళ్లు నింపుడు, ఇవీ పిల్లగాని పనులు. ఆ చిన్నాయననే ఒకనాడు రష్యా ముచ్చట చెప్పిండట. ఆ దేశంల రాజును దించేసిండ్రని, ఇప్పుడు ఉన్నోడు లేనోడు ఒక్క దస్తర్‌ఖాన్ మీద కూసొని తింటున్నరని. తండ్రి లేని పోరనికి అన్నం ముచ్చట ఎట్ల మనసుల పడుతదో నేను చెప్పనక్కర్లేదు. పెద్దగైనంక ఎన్ని పుస్తకాలు చదివినా ఆయన రాజకీయమంతా ఆ దస్తర్‌ఖాన్ చుట్టే తిరిగిందని నేననుకుంట.

సంగారెడ్డిల చదువు అయినంక హైదరాబాద్ పోయిండు. ఉస్మానియా యూనివర్సిటీ 1918ల మొదలైంది. పెద్ద చదువులు ఇంగ్లీషులనే చెప్పే కాలంల అక్కడ ఉర్దూల చెప్పేటోళ్లు. సర్కారు పైసలతోటి నడిచే చదువు గనుక ఊరి పోరడు కూడా లోపల కాలు పెట్టగలిగిండు. కానీ ఉండేందుకు ఇల్లు లేదు, తినేందుకు పైసలు లేవు. కొన్నాళ్లు మసీదులనే పండుకున్నడు. ట్యూషన్లు చెప్పిండు, సినిమా తారల బొమ్మలు అమ్మిండు. గట్ల ఎంఏ దాక పోయిండు.

కిరాయి పైసల నాటకం

విద్యార్థిగ ఉన్నప్పుడే ఆయన హోష్ కే నాఖూన్ అని ఒక నాటకం రాసిండు. అది బెర్నార్డ్ షా ఇంగ్లీషు నాటకం విడోయర్స్ హౌజెస్‌కు ఉర్దూ రూపం. ప్రదర్శనకు రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి చూసి, మెచ్చుకొని, శాంతినికేతన్‌కు రమ్మని పిలిచిండు. ఠాగూర్ మెచ్చుకున్న సంగతి అందరు చెప్తరు. ఆ నాటకంల ఏమున్నదో ఎవరూ చెప్పరు.

షా కథ గిట్లుంటది. చదువుకున్న ఒక యువకుడు బాగా ఉన్నోళ్ల బిడ్డను ప్రేమిస్తడు. మామ కాబోయేటాయన ఆస్తంతా బీదోళ్ల బస్తీల కూలిపోయే ఇండ్ల కిరాయిల నుంచి వచ్చిందని తెలుస్తది. గా పైసలు నాకొద్దని యువకుడు మొండికేస్తడు. కానీ తను ఇన్నాళ్లు తింటున్న వడ్డీ పైసలు కూడా అదే ఇండ్ల మీద ఇచ్చిన అప్పు నుంచే వస్తున్నయని తర్వాత బయటపడ్తది. ఆఖరికి ఆ జాగల రోడ్డు పడ్తదని ముందే తెలుసుకొని, ఇండ్లకు పైపైన మెరుగులు దిద్ది సర్కారు నుంచి ఎక్కువ పరిహారం గుంజే ప్లాన్ వేస్తరు. ఆ ప్లాన్‌ల యువకుడు కూడా చెయ్యి కలుపుతడు.

రింగు రోడ్డు ఎటు పోతదో ముందే ఎరుకై భూములు కొన్నోళ్లను చూసిన మనకు ఈ కథ కొత్తగ అనిపిస్తదా? నిజాం రాజ్యంల, నవాబులు, జాగీర్దార్లు ముందు వరుసల కూసునే ఊర్ల, ఇరవై చిల్లర ఏండ్ల బీద పోరడు ఈ కథనే ఎంచుకున్నడు. నేనైతె దాన్ని యాదృచ్ఛికం అనుకోను. మంచి బట్టల కింద ఎవరి చెమట ఉన్నదో చూపెట్టాలన్న కోరిక ఆయనకు అప్పటికే ఉండె.

సర్కారే సేటు అయితె

చదువైనంక సిటీ కాలేజీల ఉర్దూ సాహిత్యం చెప్పే కొలువు దొరికింది. నెలనెలా జీతం, షాయర్‌గ పేరు. ఇంకొకరైతె అక్కడనే ఆగిపోతుండె. మఖ్దూం 1939ల మొదలైన కామ్రేడ్స్ అసోసియేషన్‌ల చేరి, తర్వాత కొలువు ఇడిసిపెట్టి పార్టీ పనికి, కార్మికుల పనికి పూర్తిగ దిగిండు.

అప్పటి హైదరాబాద్ సంగతి జెర అర్థం చేసుకోవాలె. నిజాం సర్కారు 1929ల ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ అని పెట్టి, ఖజానా పైసలను కంపెనీలల్ల వాటాలుగ పెట్టింది. వరంగల్‌ల ఆజంజాహి మిల్లు, బోధన్‌ల నిజాం షుగర్, కాగజ్‌నగర్‌ల పేపర్ మిల్లు, హైదరాబాద్‌ల ఆల్విన్, అన్నీ ఆ రోజులల్లనే లేచినయి. పని దొరికింది, అది నిజమే. కానీ పోలీసు ఎవరిదో వాటా కూడా వాళ్లదే అయితె, సమ్మె చేసిన కూలోడు సేటు మీద తిరగబడ్డట్టా, రాజు మీద తిరగబడ్డట్టా? దానికి తోడు గస్తీ నిషాన్ 53 అనే హుకుం ఉండె. సర్కారు పర్మిషన్ లేకుంట మీటింగ్ పెట్టొద్దు. నలుగురు కూడి జీతం ముచ్చట మాట్లాడాలన్నా భయమే.

గసుంటి కాలంల మఖ్దూం చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, బటన్ ఫ్యాక్టరీ, షాబాద్ సిమెంట్, రైల్వే కార్మికుల నడుమ తిరిగి యూనియన్లు కట్టే పని చేసిండు. 1946ల ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడితె ఆయననే అధ్యక్షుడు. పనిగంటలు, జీతం, యూనియన్ పెట్టుకునే హక్కు, ఇవీ ఆయన మాట్లాడిన సంగతులు. ముషాయిరాలల్ల నవాబుల ముందు గొంతెత్తి పాడగలిగినోడు గేటు కాడ కార్మికుల ముందు పాడిండు.

1944ల ఆయన మొదటి పుస్తకం సుర్ఖ్ సవేరా వచ్చింది. ఎర్రని తెల్లారుజాము అని అర్థం. అండ్ల ప్రేమ కవితలు ఉన్నయి, యుద్ధం మీద కవితలు ఉన్నయి, పాత దొరతనాన్ని కూలిపోయే హవేలీతోటి పోల్చిన కవిత ఉన్నది. ప్రేమ వేరు, పోరాటం వేరు అని ఆయన గీత గీయలేదు. తెలంగాణ పేరు మీద కూడా ఒక కవిత రాసిండు. దాంట్ల తెలంగాణను ఒక ఆడిబిడ్డగ చూపెట్టిండు.

ముగ్గురు సర్కార్లు

1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య నేలకొరిగినంక సాయుధ పోరాటం అంటుకున్నది. పార్టీని నిషేధించిండ్రు. మఖ్దూం రహస్య జీవితంలకు పోయిండు. 1948 సెప్టెంబర్‌ల యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయిండు. ఇగ బయటికి రావొచ్చు గదా అనుకుంటం. రాలేకపోయిండు. కొత్త సైనిక సర్కారు కూడా కమ్యూనిస్టుల కోసం వేట ఆపలేదు. 1951ల మఖ్దూం దొరికిండు, జైల్ల పెట్టిండ్రు. ఎలక్షన్ల కాలంల, 1952ల విడుదలైండు.

కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండెగనుక వాళ్లు పీడీఎఫ్ పేరు మీద పోటీ చేసిండ్రు. హైదరాబాద్ పట్నంల మఖ్దూం ఓడిపోయిండు. తర్వాత హుజూర్‌నగర్ ఉప ఎన్నికల గెలిచి శాసనసభకు పోయిండు. గమనించుండ్రి, పట్నపు షాయర్‌ను గెలిపించింది నల్లగొండ పల్లె జనం. ఆయన ఉర్దూ వాళ్లలో ఎంతమందికి అర్థమైందో గానీ, ఆయన ఎవరి దిక్కు నిలబడ్డడో అందరికి అర్థమైంది.

రాజు సర్కారు, సైన్యం సర్కారు, ఓట్ల సర్కారు, మూడూ చూసిండు. ఆ నిరాశ ఆయన చాంద్ తారోం కా బన్ అనే కవితల కనబడ్తది. స్వాతంత్ర్యానికి ముందు, తర్వాత, ముందుకు, అని మూడు భాగాల కవిత అది. మొదటి దాంట్ల చీకటిల వెలుగు కోసం కాలిపోయినోళ్లు ఉంటరు. నడుమ దాంట్ల తెల్లారిందన్నరు గానీ చీకటి పోలేదన్న బాధ ఉంటది. మూడో దాంట్ల చేతుల చెయ్యేసుకొని మళ్ల నడవాలన్న పిలుపు ఉంటది. సర్కారు మీద కోపం వచ్చినప్పుడు మనం రెండో భాగం దాకనే పోతం. స్టేటస్ పెట్టి, తిట్టి, పండుకుంటం. మఖ్దూం ఆ నడుమ ఆగలేదు. శాసనసభల, తర్వాత శాసనమండలిల, కార్మిక సంఘంల, చనిపోయేదాక పని చేస్తనే ఉన్నడు.

సొంతోళ్ల ముందు కూడా స్వేచ్ఛ

మొదటి పుస్తకానికి, రెండో పుస్తకం గులే తర్‌కు నడుమ 17 ఏండ్లు గడిచినయి. అది 1961ల వచ్చింది. పోరాటం నుంచి వచ్చినోడు నినాదాలే రాస్తడని చూసినోళ్లకు అండ్ల మెత్తని ప్రేమ గీతాలు కనబడ్డయి. కొందరికి నచ్చలే. ఎర్ర షాయర్ మల్లెపందిరి మీద రాసుడేంది అన్నట్టు మాట్లాడిండ్రు. ఆయన మారలే. కాంగోల లుముంబాను చంపితె కవిత రాసిండు, అమెరికాల మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపితె కవిత రాసిండు. అదే చేత్తోటి ప్రేమ మీద కూడా రాసిండు. కళాకారుని స్వేచ్ఛ అంటె సర్కారు ముందు, సేటు ముందు తలెత్తుడు ఒక్కటే కాదు. సొంత పక్షం చప్పట్ల కోసం కూడా మనసు చంపుకోవద్దు. ఇది ఆయన నుంచి నేర్చుకోవలసిన కష్టమైన పాఠం.

సినిమాలు కూడా ఆయన కవితలను తీసుకున్నయి. 1964ల చా చా చా సినిమాల, ఆయన పోయినంక 1982ల బజార్ సినిమాల ఆయన రాసినవి పాటలైనయి. బజార్ పాట ఇయ్యాల్టికీ జనం ఇంటరు. సినిమా కోసం కవిత మారలే, కవిత కోసమే సినిమా వచ్చింది. మూడో పుస్తకం బిసాతే రక్స్ 1966ల అచ్చైంది. 1969కి సాహిత్య అకాడమీ అవార్డు దానికే దక్కింది. అదే ఏడు ఆగస్టు 25న ఢిల్లీల గుండె ఆగి చనిపోయిండు. హైదరాబాద్‌ల మట్టి చేసిండ్రు.

ఇయ్యాల గేటు ఎక్కడున్నది?

ఆయన కాలంల లేచిన ఫ్యాక్టరీలు ఏమైనయో చూడుండ్రి. ఆజంజాహి మిల్లు మూతబడ్డది, జాగ అమ్ముడుపోయింది. ఆల్విన్ పోయింది. నిజాం షుగర్‌ను ప్రైవేటుకు ఇచ్చిండ్రు, 2015 డిసెంబర్‌ల లేఆఫ్ పెట్టి మూసిండ్రు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు ఏండ్లకేండ్లు బందై, 2018ల ఇంకో కంపెనీ చేతికి పోయి తెరుచుకున్నది. సర్కారు సేటుగ ఉన్నప్పుడు కూలోడు కొట్లాడిండు. సేటే సర్కారును నడిపిస్తున్నడని ఇయ్యాల మనకు అనుమానం వస్తె, కొట్లాడనీకి గేటే కనబడ్తలేదు. మన పోరగాళ్లు పట్నంల బండి మీద అన్నం డబ్బాలు మోస్తున్నరు. వాళ్ల సేటు ఫోన్ల ఉన్న ఒక యాప్. జీతం తగ్గితె ఎవర్ని అడగాల్నో తెల్వదు.

ఇగ సంక్షేమం. బియ్యం ఇచ్చినా, పింఛన్ ఇచ్చినా దాని మీద ఒక బొమ్మ ఉంటది. మనం దండం పెట్టాలె. మఖ్దూం అడిగిన పనిగంటలకు, జీతానికి ఎవరి బొమ్మా లేదు. అవి కొట్లాడి తెచ్చుకున్నయి. దస్తర్‌ఖాన్ మీద అందరు కూసునుడు వేరు, ఒకడు నిలబడి వడ్డిస్తె మిగిలినోళ్లు చేతులు చాపుడు వేరు. సంక్షేమం వద్దని నేను అంటలేను. అది రాకుంటె మా ఊర్ల సగం ఇండ్లల్ల పొయ్యి అంటుకోదు. అది మన పైసలతోటి మనకొచ్చే హక్కు అని యాది మరువొద్దు, అంతే.

మఖ్దూం గెలిచిండా? ఆయన కలగన్న రాజ్యం రాలేదు. పార్టీ 1964ల రెండుగ చీలింది, ఆ నొప్పి కూడా ఆయన చూసిండు. కానీ ఆయన కవితను ఏ సర్కారు, ఏ సేటు కొనలేకపోయిండ్రు. ఎందుకంటె ఆయన ఎనుక యూనియన్ ఉండె, అణా అణా చందా ఇచ్చే కార్మికుడు ఉండె. కళాకారుడు ఒంటరిగ ధైర్యంగ ఉండాలని మనం ఊకె ఆశ పడుతం. ఆయనకు ధైర్యం ఇచ్చే మందిగ మనం ఉన్నమా?

మీ ఊర్ల కూడా ఒక పాటగాడు ఉంటడు. డప్పు కొట్టేటోడో, ఒగ్గు కథ చెప్పేటోడో, ఫోన్ల పాటలు పెట్టే పోరడో. ఆయన మూతబడ్డ మిల్లు మీద, రాని నీళ్ల మీద పాట కట్టిననాడు పదిమంది పోయి ఇనుండ్రి. తలా ఇరవై రూపాయలు ఏసుకోండ్రి. అప్పుడు ఎలక్షన్ల బండి వచ్చి పిలిస్తె, పోవాల్నా వద్దా అని ఆయన సొంతంగ ఆలోచన చేస్తడు.