వెయ్యి ఉరుల మఱ్ఱి: రాంజీ గోండు జీవితము

నిర్మలు పట్టణం నుండి ఎల్లపెల్లి వైపు పోయే దారిలో ఒకప్పుడు పెద్ద మఱ్ఱిచెట్టు ఉండేది. ప్రజలు దానిని వెయ్యి ఉరుల మఱ్ఱి అనేవారు. చెట్టు గాలివానకు కూలిపోయింది గాని పేరు నిలిచే ఉన్నది. ఈ శతవార్షిక సంచికలో మన కాపరుల, వైద్యుల, ఉపాధ్యాయుల జీవితాలు మీరు చదువుతారు. మన సంఘమువాడు కాని ఒకని జీవితాన్ని మేము ఎన్నుకొన్నాము. ఎందుకో చివరకు మీకే బోధపడుతుంది.

రాంజీ గోండు గ్రంథాలలో కంటె జనం నోళ్ళలో ఎక్కువగా బ్రతికినవాడు. ఆయన పుట్టిన జాతి ఒకప్పుడు రాజ్యమేలిన జాతి. చాందా గోండు రాజ్యం 1751లో నాగపూరు భోంస్లేల వశమైంది. గోదావరికి ఉత్తరాన ఉన్న ఈ అడవులు నిజాము ఏలుబడిలో ఉండేవి. నిజాముకు ఇంగ్లీషువారు మిత్రులు. వారి అధికారుల క్రింద నడిచే పటాలాల ఖర్చు నిజాము ఖజానాయే భరించేది. అడవిని, పోడును నమ్ముకొని బ్రతికే గోండులకు పన్ను అడిగేవారే గాని మొర ఆలకించేవారు లేకపోయారు.

1857లో ఉత్తరదేశంలో సిపాయిల తిరుగుబాటు లేచింది. ఆ జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వాన జనం రెసిడెన్సీపై దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో తూప్రాను దగ్గర చంపి, శవాన్ని నగరంలో అందరూ చూసేలా వ్రేలాడదీశారు. ఆ రోజులలోనే కొలువులు పోయిన రోహిల్లా సిపాయిలు కొందరు నిర్మలు ప్రాంతపు అడవులకు చేరారు. రాంజీ వారిని చేరదీశాడు. పెర్సపేన్‌ను కొలిచే గోండులు, నమాజు చేసే రోహిల్లాలు ఒకే దండుగా కూడి నిజాము సేనలతోను, ఇంగ్లీషు అధికారుల సేనలతోను పోరాడారు. తుపాకులు, ఫిరంగులు ఉన్న పటాలాల ఎదుట వారి బలమంతా అడవి దారులు తెలిసి ఉండటమే.

చివరకు రాంజీ గోదావరి తీరాన పట్టుబడ్డాడని పెద్దలు చెప్పుకొంటారు. 1860లో ఆయనను, ఆయన అనుచరులను ఆ మఱ్ఱిచెట్టు కొమ్మలకు ఉరితీశారు. వెయ్యిమంది అన్న లెక్క జనశ్రుతి. లెక్క ఎంతైనా, చేతులు కట్టబడి ఆయుధము లేక నిలిచిన మనుష్యులను గుంపుగా ఉరితీశారన్నదే ఈ నేల మరువని సంగతి. ఏటేటా ఏప్రిల్ 9న ఆయన వర్ధంతిని జరుపుకొంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రాంజీ ఉరికి ఒక ఏడాది ముందు, 1859 జూన్ 24న, ఇటలీలోని సోల్ఫెరీనో దగ్గర గొప్ప యుద్ధం జరిగింది. జెనీవా నగరపు వర్తకుడు, విశ్వాసి అయిన హెన్రీ డ్యూనాంట్ ఆ సాయంకాలం అక్కడికి చేరి, దిక్కులేక పడి ఉన్న గాయపడినవారిని చూచాడు. మనవాడు, పరాయివాడు అన్న భేదం లేకుండా ఊరి స్త్రీలతో కలిసి వారికి పరిచర్య చేశాడు. ఆయన ప్రయత్నాలవల్ల 1863లో రెడ్‌క్రాస్ పుట్టింది. 1864 ఆగస్టు 22న పన్నెండు రాజ్యాలు మొదటి జెనీవా ఒడంబడికపై చేవ్రాలు చేశాయి. గాయపడిన సైనికుడు ఏ దేశమువాడైనా కాపాడవలెనన్నది దాని సారము.

కాని ఆ ఒడంబడిక రాజ్యాల మధ్య జరిగే యుద్ధాలకే. తమ ఏలుబడిలోనివారు తిరగబడితే దొరలు వారిని తిరుగుబాటుదారులనేవారు. ఏ హద్దూ ఉండేది కాదు. సోల్ఫెరీనో గాయాలకు కట్టు దొరికింది. నిర్మలు ఉరికి దొరకలేదు. ఆ లోటు కొంత తీరింది 1949 ఆగస్టు 12న. ఆనాటి నాలుగు జెనీవా ఒడంబడికలన్నిటిలోను ఒకే మూడవ అధికరణం ఉన్నది. ఒక దేశం లోపల జరిగే సాయుధ పోరాటంలో కూడ, ఆయుధము దించినవానిని, గాయపడినవానిని, పట్టుబడినవానిని చంపరాదు, హింసించరాదు, అవమానించరాదు. ఎవరినీ బందీగా పట్టి బేరమాడరాదు. సరియైన న్యాయస్థానపు తీర్పు లేక ఎవరికీ మరణశిక్ష విధించరాదు. ఇది ప్రభుత్వానికీ, తిరగబడినవారికీ ఒకటే. ఎవరి పక్షం న్యాయమో ఆ అధికరణం చెప్పదు. చేత చిక్కినవాడు మనిషే అని మాత్రం చెబుతుంది. మన దేశం 1950లో ఈ ఒడంబడికలను అంగీకరించి, 1960లో జెనీవా ఒడంబడికల చట్టం చేసింది. రాంజీ ఉరికి అప్పటికి సరిగ్గా నూరేండ్లు.

క్రైస్తవులమైన మనకు ఇది క్రొత్త బోధ కాదు. అంధత్వం కలిగి చేత చిక్కిన సిరియనులను చంపుదునా అని ఇశ్రాయేలు రాజు అడిగినప్పుడు, ఎలీషా ప్రవక్త వద్దని, వారికి భోజనం పెట్టించి పంపించాడు. మ్రానున వ్రేలాడిన శవం రాత్రివేళ అక్కడ ఉండరాదని మోషే ధర్మశాస్త్రమే నియమించింది. ఐనా నిర్మలులో ఆ ఉరుల వెనుక నిలిచిన ఇంగ్లీషువారు మన గ్రంథాన్నే చదివేవారు. మరి ఇరవై యేండ్లకు సువార్త ఆ దొరల రక్షణలోనే ఈ సీమకు నడిచి వచ్చింది. సువార్తకై దేవునికి స్తోత్రం చెల్లిద్దాం. ఆ మఱ్ఱిని మాత్రం కప్పిపుచ్చవద్దు.

మన జిల్లాలు ఆ తరువాతా చాలా రక్తం చూచాయి. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పులు జరిగాయి. పట్టుకొన్నవారిని చంపారన్న మాట ఇరుపక్షాల మీదా విన్నాము. 1997లో ఎస్.ఆర్. శంకరన్ గారు మొదలైనవారు పౌర స్పందన వేదికగా కూడి, ఇరువైపులవారినీ చంపుకోవద్దని వేడుకొన్నారు. చనిపోయినవాడు పోలీసైనా, దళంలోనివాడైనా, మన సంఘాలలో ఏదో ఒక ఇంటికి చుట్టమే. ఆ ఇండ్లలో సమాధి ప్రార్థన చేసిన కాపరులు ఇది ఎరుగుదురు.

అందుచేత సహోదరులారా, నిర్మలు పోయినప్పుడు ఆ స్తూపం దగ్గర ఒక్క నిమిషం నిలువండి. మీ ఊరిలో దొంగ అనియో, మంత్రగాడు అనియో, ఇన్ఫార్మరు అనియో ఎవరినైనా గుంపు పట్టుకొన్నప్పుడు, చేత చిక్కినవానిని కొట్టవద్దని ముందుగా చెప్పే గొంతు సంఘానిదై ఉండాలి. రాంజీ కోసం ఆనాడు ఆ మాట చెప్పినవారు లేరు.