ఏటి అవతలికి వెళ్లి చదివిన వకీలు: సురవరం ప్రతాపరెడ్డి

గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లకు సురవరం ప్రతాపరెడ్డి పేరు కొత్త కాదు. గోల్కొండ పత్రిక 1926, గోల్కొండ కవుల సంచిక 1934, ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949. ఈ మూడు ముక్కలు మీ నోట్సులో ఎక్కడో ఒక మూల ఉండే ఉంటాయి. బిట్టు వస్తే మార్కు, రాకపోతే అంతే సంగతులు. కానీ ఈ మనిషి అసలు పని ఎలా చేశాడో తెలిస్తే, మీ చేతిలో ఉన్న నోట్సునే మీరు వేరేగా చూస్తారు. బీఏ, బీకాం, ఎల్ఎల్‌బీ, తెలుగు ఎంఏ చదువుతూ, వీటితో ఏం వస్తుందని ఇంట్లోవాళ్లు అడిగితే నీళ్లు నమిలేవాళ్లు మరీ ముఖ్యంగా చదవాలి.

ఆయనది అలంపూర్ ప్రాంతం. 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. అది అమ్మమ్మగారి ఊరు, సొంతూరు ఇటిక్యాలపాడు. ఇప్పుడు రెండూ జోగులాంబ గద్వాల జిల్లాలోవే. తుంగభద్ర దాటితే కర్నూలు. ఇప్పుడు మీరు బస్సెక్కితే వంతెన మీద రెండు నిమిషాలు. అప్పట్లో ఏటికి ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇంగ్లిష్‌వాళ్ల మద్రాసు ప్రెసిడెన్సీ. ఇవతల కచేరీ భాష అంతా ఉర్దూనే. పిల్లవాడిగా ఆయన ఆ ఏరు దాటి కర్నూలు వెళ్లి చదువుకున్నారు. అక్కడే వెల్లాల శంకరశాస్త్రి దగ్గర సంస్కృతం నేర్చుకున్నారు. తర్వాత హైదరాబాదు నిజాం కాలేజీలో ఇంటర్మీడియట్, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఏ, ఆపైన బీఎల్. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారసీ, ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోగలిగిన మనిషి. ఈ అయిదింటిలో ఒక్కటి తక్కువైనా తర్వాత చేసిన పని జరిగేది కాదు.

కొంతకాలం వకాల్తా చేశారు. ఆ రోజుల్లో బీఎల్ చదివి, ఉర్దూ కూడా వచ్చినవాడికి హైదరాబాదులో డబ్బుకు కొదవ ఉండేది కాదు. ఆయన అందులో నిలబడలేదు. 1924 ప్రాంతంలో, నగర కొత్వాలు రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి కోరిక మీద రెడ్డి హాస్టల్ బాధ్యత తీసుకున్నారు. జిల్లాల నుంచి పట్నం వచ్చి చదువుకునే పిల్లల హాస్టల్ అది. గది అద్దె, మెస్సు బిల్లు లెక్క వేసుకుంటూ అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉంటున్నవాళ్లకు అలాంటి చోటు విలువ నేను చెప్పక్కర్లేదు. హాస్టలంటే తిండి, పడక అని ఆయన సరిపెట్టుకోలేదు. అక్కడ మంచి గ్రంథాలయం పెంచారు. అందులో ఎక్కువ చదివింది ఆయనే అయి ఉంటుందని నా అనుమానం.

1926 మేలో గోల్కొండ పత్రిక మొదలైంది, వారానికి రెండుసార్లు. తెలుగులో పత్రిక నడపడమే నిజాం రాజ్యంలో ఒక సాహసం. వ్యాసాలు చాలావరకు ఆయనే రాసేవారు, అదీ రకరకాల మారుపేర్లతో. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిందీ ఆయనే.

ఇక కవుల సంచిక. తెలంగాణలో తెలుగు కవులు సున్నా అన్నట్టు ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు రాశారు. దానికి కోపం రావడం సహజం. ఆ కోపంతో ఒక ఘాటైన సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు, మనమైతే స్టేటస్ పెట్టి ఊరుకుంటాం. ప్రతాపరెడ్డి లోపల ఉన్న వకీలు మాత్రం సాక్ష్యాలు పోగేశాడు. కవుల వివరాలు, మచ్చుకు పద్యాలు పంపమని పత్రికలో అడిగారు. ఊళ్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిని ఒక వరసలో పెట్టి 1934లో అచ్చు వేస్తే లెక్క 354 మంది కవులకు తేలింది. వాళ్లందరూ మహాకవులని ఎవరూ అనలేదు. కవులు లేరన్న మాటకు 354 పేర్లు జవాబు, కేసు అక్కడితో ముగిసింది. ఇది నోట్సుతో గెలిచిన వాదన.

అసలు పెద్ద పని ఆంధ్రుల సాంఘిక చరిత్ర. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, వంశవృక్షాలు అనుకునే కాలంలో ఆయన అడిగిన ప్రశ్నలు వేరు. కాకతీయుల కాలంలో మామూలు మనిషి ఏం తిన్నాడు? ఏ బట్ట కట్టాడు? పిల్లలు ఏం ఆటలు ఆడారు? అప్పు ఎలా పుట్టేది, తగవు ఎవరు తీర్చేవారు, సరుకు ఏ రేవులో దిగేది? వీటికి శాసనాల్లో దొరికే జవాబు కొంచెమే. అందుకని కావ్యాలు తీశారు. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్ర, ఓరుగల్లు వీధుల్లో ఒక్క రోజు తిప్పి చూపించే క్రీడాభిరామం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక, కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి. పండితులు అలంకారాలు, ఛందస్సు చూసుకుని పక్కన పెట్టిన పుస్తకాల్లో ఈయన పూటకూళ్లింటి భోజనం, కోడిపందెం, సంతలో సరుకు వెతికారు. దొరికినదాన్ని కాలం వారీగా, విషయం వారీగా విడదీసుకున్నారు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 దాకా, దాదాపు తొమ్మిది వందల ఏళ్లు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తెలుగు ఎంఏ వాళ్లకు ఇది బాగా తెలిసిన చిక్కే. పాత కావ్యంలో ఏదో ఆట పేరు వస్తుంది, నిఘంటువు తీస్తే క్రీడావిశేషం అని ఉంటుంది. తినేదాని పేరు చూస్తే భక్ష్యవిశేషం. ఆట అని మనకూ తెలుసు, ఏ ఆట అన్నదే కదా సందేహం! నిఘంటుకారుల మీద ఆయన ఈ విషయంలో బాగానే విసుక్కున్నారు. పద్యం చుట్టుపక్కల సందర్భం చూశారు, ఊళ్లలో జనం నోట ఉన్న మాటలతో పోల్చారు. అలంపూర్ పల్లెల్లో పెరగడం ఇక్కడ అక్కరకొచ్చింది. పుస్తకం చదువుతుంటే కొన్నిచోట్ల ఊహ ఎక్కువైందనిపిస్తుంది, కొన్ని తీర్పులు ఘాటుగా ఉంటాయి. నిజమే. తనకు అర్థం కాని మాట వచ్చినచోట అర్థం కాలేదని ఒప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి. మన గైడు పుస్తకాల్లో ఆ ఒప్పుకోలు ఎక్కడా కనపడదు.

మీలో చాలామందికి సబ్జెక్టుకో నోట్సు ఉంటుంది. హిస్టరీ ఒకటి, తెలుగు ఒకటి, ఎకానమీ ఒకటి, లా ఒకటి. ఒకదానిలోది ఇంకోదానిలోకి రాదు. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం హిస్టరీలో ఒక లైను. బీకాం విద్యార్థి అదే శాసనం చదివితే, ఓడ మునిగినా సరుకు వ్యాపారిదేనని రాజు ఇచ్చిన హామీ కనిపిస్తుంది. లా విద్యార్థికి ఆస్తి హక్కు కనిపిస్తుంది. మెయిన్స్‌లో వ్యాసం రాయాల్సివచ్చినప్పుడు ఈ మూడూ ఒక్క పేజీలో ఉంటే ఎంత తేడానో రాసి చూడండి. ప్రతాపరెడ్డి నోట్సు అలాంటిది. భాష, చట్టం, వ్యాపారం, తిండి అన్నీ ఒకే కాలం కింద పక్కపక్కన ఉంటాయి.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఏడాదిన్నర కూడా గడవలేదు, 1953 ఆగస్టు 25న చనిపోయారు. అప్పటికి కేంద్ర సాహిత్య అకాడమీయే పుట్టలేదు. అది 1954లో మొదలైంది. 1955లో తెలుగుకు మొట్టమొదటి అకాడమీ అవార్డు ప్రకటించినప్పుడు, అది వచ్చింది ఆంధ్రుల సాంఘిక చరిత్రకే. తీసుకోవడానికి ఆయన లేరు. పుస్తకం ఇప్పటికీ అచ్చులో ఉంది. జిల్లా గ్రంథాలయంలో అడిగితే దొరుకుతుంది, ముందు కాకతీయుల అధ్యాయం తెరవండి.