ఎపిక్యూరసు తోట

సుఖవాది యన్నంతనే విందు వినోదములలో తేలియాడు వ్యక్తి మనకు స్ఫురించును. గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరసునకు ఈ అపకీర్తి యేనాడో అంటుకొన్నది. ఆంగ్లమున అతని పేరు మీద వెలసిన పదము నేటికిని రుచులు మరిగినవానినే తెలుపును. అతని జీవితము మాత్రము వేరొక కథ చెప్పును.

అతడు క్రీ. పూ. 341లో సామోసు ద్వీపమున జన్మించెను. తండ్రి నియోక్లీసు బడిపంతులు. చిన్ననాడే తత్త్వచింతన నారంభించి, మిటిలీనీ, లాంప్సకసు నగరములలో బోధించి, క్రీ. పూ. 306 ప్రాంతమున ఏథెన్సు చేరి, ఎనుబది మినాల వెలకు ఒక తోట కొనెను. అదియే అతని విద్యాపీఠము. అందు స్త్రీలకును బానిసలకును ప్రవేశముండెను. ఆనాటి ఏథెన్సున ఇది సామాన్య విషయము కాదు.

తోటలో నిత్యాహారము రొట్టె, నీరు. విందు చేసికొనవలెనన్న కోరిక కలిగినపుడు మిత్రుని చిన్న కుండెడు జున్ను పంపుమని అడిగెనట! డెమెట్రియసు ముట్టడిలో నగరము ఆకలితో అలమటించినపుడు, చిక్కుడు గింజలను లెక్కించి శిష్యులతో పంచుకొని బ్రదికెనని ప్లూటార్కు వ్రాసెను. ప్లూటార్కు ఈ మతమును ఖండించినవాడు. కావుననే ఆ సాక్ష్యమునకు విలువ హెచ్చు.

దేహమునకు బాధ లేకుండుట, మనస్సునకు కలత లేకుండుట, ఇదియే అతడు చెప్పిన సుఖము. పిదప దుఃఖము తెచ్చు సుఖమును వదలుకొనవలెను. పిదప మేలు తెచ్చు కష్టమును ఓర్చుకొనవలెను. ఈ లెక్క తేల్చునది వివేకము. దానిని అతడు తత్త్వశాస్త్రము కంటెను మిన్నగా నెంచెను. దేవతల భయము, మృత్యుభయము మనశ్శాంతికి శత్రువులని తలచి, పరమాణువాదముతో వానిని పోగొట్ట యత్నించెను. రాజకీయములకు దూరముగా నుండుమన్న అతని హితవు మాత్రము నాకు రుచింపదు. నగరమును కాచువారు లేనిదే తోట నిలుచునా?

సుఖమును బోధించినవానికి అసలు పరీక్ష క్రీ. పూ. 270లో వచ్చెను. మూత్రమార్గమున రాయి అడ్డుపడి పదునాలుగు దినములు నరకయాతన పడెను. కడపటి దినమున ఇడోమెనియసను మిత్రునకు లేఖ వ్రాయుచు, బాధ మిక్కుటముగా నున్నను, మునుపటి సంభాషణల స్మృతి దానికి ఎదురు నిలిచినదనియు, అది తనకు ఆనందదినమేయనియు తెలిపెను. తనకంటె ముందే గతించిన శిష్యుడు మెట్రోడోరసు బిడ్డలను కనిపెట్టుకొని యుండుమని కోరెను. పిమ్మట గోరువెచ్చని నీటితో నిండిన కంచుతొట్టిలో కూర్చుండి, కొంత ద్రాక్షాసవము త్రాగి, తన బోధను మరువవలదని మిత్రులకు చెప్పి కన్నుమూసెను. మరణశాసనమున నలుగురు బానిసలకు స్వేచ్ఛ నొసగెను. వారిలో మొదటివాడు, తోటలో అతనితోపాటు తత్త్వవిచారము చేసిన మీసు.