నేటాల్ తెలుగు బాప్టిస్టు సంఘముల మూలపురుషులు రెవరెండ్ జాన్ రంగయ్య గారు

దక్షిణాఫ్రికాలో నేటాల్ ఉత్తర తీరమున, స్టాంగరు పట్టణమునకు సమీపమున కీర్స్నీ అను పల్లె కలదు. ఒకప్పుడు అచ్చట సర్ లీజ్ హ్యూలెట్ దొరగారి తేయాకు తోటలు విస్తరించియుండెను. ఈ దేశమున తెలుగు బాప్టిస్టుల మొదటి సంఘము పుట్టినది ఆ తోటలోనే. దానిని స్థాపించినవారు రెవరెండ్ జాన్ రంగయ్య గారు.

1860 నవంబరు 16న ట్రూరో నౌక చెన్నపట్నము నుండి మొదటి గిరిమిటు కూలీలను డర్బన్ రేవున దించెను. అది మొదలు 1911 వరకు లక్షా యాబది వేలకు మించి భారతీయులు నేటాల్ చేరిరి. వారిలో అమెరికన్ బాప్టిస్టు మిషను ద్వారా క్రీస్తును నమ్మిన తెలుగువారును ఉండిరి. 1840లో నెల్లూరున ఆరంభమైన ఆ మిషనులో, 1876-78 నాటి ధాత కరవు తరువాత వేలకొలది పేదలు చేరియుండిరి. వలస వచ్చిన విశ్వాసులకు ఇచ్చట తమ సంఘపు కాపరి లేడు. బాప్తిస్మమిచ్చుటకు, పెండ్లి జరుపుటకు, చనిపోయినవారిని మట్టి చేయుటకు తమ భాష తెలిసిన బోధకుడు కావలెనని వారు స్వదేశపు సంఘములను వేడుకొనిరి.

ఆ మొర ఆలకించినది తెల్లదొరల సంస్థ కాదు. తెలుగువారి హోం మిషనరీ సొసైటీ. తాము స్వయముగా మిషనరీల ఉపదేశము పొందిన తెలుగు సంఘములవారే చందాలు వేసికొని, సముద్రము దాటించి రంగయ్య గారిని పంపిరి. 1903 జూన్ నెలలో ఆయన కుటుంబముతో డర్బన్ చేరిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 27న కీర్స్నీలో సంఘము స్థాపించిరి.

ఆ కాలమున గిరిమిటు కూలీకి యజమాని వ్రాసి ఇచ్చిన చీటీ లేనిదే తోట విడిచి దూరము పోవ వీలులేదు. ఆదివారము తప్ప తీరిక లేదు. గిరిమిటు తీరిన పిమ్మటను ఇచ్చటనే నిలువ గోరిన వారిపై ఏటేట మూడు పౌనుల పన్ను పడుచుండెను. 1914లో గాని అది రద్దు కాలేదు. ఇట్టివారు కాపరిని వెదకుకొని రాజాలరు గనుక కాపరియే వారికడకు పోవలసివచ్చెను. రంగయ్య గారు తోట నుండి తోటకు తిరిగి, చెదరిన కుటుంబములను సమకూర్చి, తెలుగున ఆరాధన నెలకొల్పిరి. తోటలో అంకెతో పిలువబడు మనిషి సంఘములో సోదరుడని పిలువబడెను.

ఆయన సేవాకాలపు కడపట మాత్రము క్లేశము తప్పలేదు. సంఘస్థులలో భేదములు పుట్టి, చీలిక ఏర్పడెను. తాను ఒక్కటిగా కూర్చిన మంద రెండుగా విడిపోవుట ఆయన కన్నులారా చూచిరి. 1915లో, వచ్చిన పండ్రెండేండ్లకే, ఆయన ప్రభువునందు నిద్రించిరి.

కాపరి పోయినను సంఘము పోలేదు. తోటపనిచేసిన చేతులే దానిని నిలిపినవి. తరువాత ఆయన కుమారులు టి. ఎం. రంగయ్య గారును ఇండియా నుండి వచ్చి ఆ సేవ కొనసాగించిరి. ఆ చీలికకు ఇరుప్రక్కల నిలిచిన శాఖలు రెండును నేటికిని ఉన్నవి. రెండింటికిని మూలము కీర్స్నీయే.

నేడు తేయాకు తోటలు లేవు. స్టాంగరు పేరును 2006లో క్వాదుకుజాగా మారెను. మనుమల ఆరాధన ఇంగ్లీషున సాగుచున్నది. అయినను, పేదలు పంపిన ఒక్క మనిషి పేదలకొరకు వచ్చి తన జీవితమును ఈ మట్టిలో ధారపోసిన సంగతి మన బిడ్డలకు ఏ భాషలోనైనను చెప్పదగినది.