చప్పుడును లెక్కలో పెట్టిన వాలెస్ సబైన్

ఉధ్నాలో ఉండే మనకు మరమగ్గాల చప్పుడు అలవాటే. జిమ్ చప్పుడు ఇంకో రకం. లోపల పాటల హోరు, ఇనప బరువులు నేలకు తగిలే మోత, వాటిని మించి అరిచే కోచ్. బరువు ఎత్తుతున్న వాడికి ‘ఆగు’ అన్న మాట సరిగా వినపడకపోతే దెబ్బ తగలవచ్చు. గదిలో మాట ఎందుకు చెదిరిపోతుందో మొదట లెక్కకట్టి చెప్పిన ఫిజిక్స్ మాస్టారు వాలెస్ క్లెమెంట్ సబైన్. ఈసారి ఆయన గురించి తెలుసుకుందాం.

సబైన్ 1868 జూన్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, రిచ్‌వుడ్‌లో పుట్టారు. 18 ఏళ్లకే డిగ్రీ పూర్తి చేసి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే అధ్యాపకులయ్యారు. 1895లో అక్కడ ఫాగ్ మ్యూజియంలో కొత్త ఉపన్యాస మందిరం కట్టారు. చూడటానికి బాగుంది కానీ, పాఠం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దాన్ని బాగుచేసే పని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఎలియట్ ఈ యువకుడికి అప్పగించారు.

పగటి రణగొణలో కొలతలు కుదరవు కాబట్టి సబైన్ అర్ధరాత్రి దాటాక పని చేసేవారు. ఆర్గన్ పైపు ఊది, ఆపి, ఎంతసేపటికి శబ్దం అణగిపోతుందో తన చెవితో విని సమయం రాసుకునేవారు. ఖాళీ గదిలో అది సుమారు 5.6 సెకన్లు నిలిచేది! అంటే మాస్టారి మొదటి మాట పోకముందే పది మాటలు వచ్చి దాని మీద పడేవి. దీన్నే ప్రతినాదం అంటారు. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి పరుస్తూ పోతే, శబ్దం అణగే సమయం సుమారు 1.1 సెకన్లకు దిగింది.

ఒకసారి తను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుని కొలతను మారుస్తున్నాయని ఆయనకు తెలిసింది. అంతవరకు కష్టపడి రాసుకున్న ఎన్నో కొలతలను పక్కన పడేసి, ఆపైన రోజూ ఒకే రకం బట్టలతో మళ్లీ మొదలుపెట్టారు. చివరికి 1898లో సూత్రం దొరికింది. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది పీల్చుకునే శక్తితో భాగిస్తే ప్రతినాద సమయం వస్తుంది.

బదిలీ అయినప్పుడల్లా మనం దీన్ని వింటూనే ఉంటాం. కొత్త క్వార్టర్ ఖాళీగా ఉన్నప్పుడు గది గంగుమంటుంది. పరుపులు, బట్టలు, పరదాలు సర్దగానే సద్దుమణుగుతుంది.

ఇప్పుడు ఒక జిమ్‌ను లెక్కలోకి తీసుకుందాం. పొడవు 12 మీటర్లు, వెడల్పు 10, ఎత్తు 4 అనుకుంటే ఘనపరిమాణం 480 ఘనపు మీటర్లు. గోడలకు అద్దాలు, పైన సిమెంటు కప్పు. పీల్చుకునే శక్తి 26 అయితే ప్రతినాదం దాదాపు 3 సెకన్లు. కప్పుకు, గోడల పైభాగానికి మెత్తటి పలకలు బిగించి ఆ శక్తిని 52 చేస్తే సమయం ఒకటిన్నర సెకన్లకు తగ్గుతుంది. పాటల గొంతు తగ్గించవచ్చు, కోచ్ అరవనక్కర్లేదు. అయితే బరువులు పడే అదురు శ్లాబులోంచి కింది ఇంటికి పాకుతుంది. దానికి గోడమీది మెత్తలు చాలవు, బరువుల కింద మందపాటి రబ్బరు పరచాలి.

సబైన్ లెక్క ప్రకారం కట్టిన బోస్టన్ సింఫనీ హాల్ 1900 అక్టోబరు 15న ప్రారంభమైంది. ఇప్పటికీ ప్రపంచంలోని మేటి సంగీతశాలల్లో దాన్ని లెక్కిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆయన విమానాలకు సంబంధించిన పనుల్లోనూ శ్రమించారు. 1919 జనవరి 10న, 50 ఏళ్లకే కన్నుమూశారు. శబ్దాన్ని పీల్చుకునే శక్తిని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. చేసిన పనిలో తేడా కనపడితే దాచకుండా మళ్లీ మొదలుపెట్టడం మనం ఆయన నుంచి నేర్చుకోవలసిన పాఠం.