ఇబ్నె బతూతా: సఫర్‌నామా వెనుక మనిషి

చదువుకున్న ముస్లిం ఇళ్లలో ఇబ్నె బతూతా పేరు విననివారు తక్కువ. ఆయన సఫర్‌నామాను ఇప్పుడు పెద్ద సైజులో, నున్నటి కాగితం మీద, గట్టి అట్టతో, రంగురంగుల బొమ్మలతో అచ్చు వేస్తున్నారు. కొనే స్తోమత ఉన్నవాళ్లు కొని అద్దాల బీరువాలో భద్రంగా దాచుకుంటారు. అలాంటి పుస్తకం ఒకటి నేను ఒకసారి క్లాసుకు పట్టుకెళ్లాను. ఒక కుర్రవాడు గడ్డం, తలపాగా ఉన్న బొమ్మ మీద వేలు పెట్టి, ఈయన నిజంగా ఇలాగే ఉండేవారా మాస్టర్ సాబ్ అని అడిగాడు. దానికి జవాబు చెప్పాలంటే ఆయన జీవితమంతా చెప్పాల్సి వచ్చింది.

ఆయన మొరాకో దేశంలోని తాంజా అనే రేవు పట్నంలో 1304 ఫిబ్రవరిలో పుట్టారు. వారిది ఖాజీల వంశం. ధర్మశాస్త్రం చదువుకున్నారు. 1325 జూన్‌లో, 21 ఏళ్ల వయసులో, హజ్ చేయాలనే సంకల్పంతో ఇల్లు వదిలారు. తోడు లేదు, కారవాను లేదు. అమ్మా నాన్నా ఇద్దరూ బతికే ఉన్నారు. వాళ్లను విడిచి వెళ్లడం ఆయనకు చాలా కష్టమనిపించింది. అయినా ఆగలేదు. ఆ ఇద్దరినీ మళ్లీ చూసే రాత ఆయనకు లేదు.

ఈజిప్టు, షామ్ దేశాల మీదుగా మక్కా చేరి 1326లో హజ్ చేశారు. అక్కడితో తిరిగి వస్తే ఆయన పేరు ఈనాడు ఎవరికీ తెలిసేది కాదు. ఆయన మాత్రం ముందుకే నడిచారు. ఇరాక్, ఇరాన్, తూర్పు ఆఫ్రికా రేవులు, తుర్కీ, కుస్తున్‌తునియా చూసుకుంటూ 1333 సెప్టెంబరులో సింధు నది ఒడ్డుకు వచ్చారు. అప్పుడు ఢిల్లీ తఖ్తు మీద ఉన్నది మహమ్మద్ బిన్ తుగ్లక్. షాజాదాగా ఉన్నప్పుడు ఉలుగ్ ఖాన్ పేరుతో 1323లో మన ఓరుగల్లును జయించినది ఈయనే.

సుల్తాన్ ఇబ్నె బతూతాను ఢిల్లీ ఖాజీని చేశారు. ఏడాదికి 12,000 దీనార్ల జీతం. ఇచ్చే చేయి ఎంత పెద్దదో, కోపం కూడా అంత పెద్దది. సుల్తాన్ ఆగ్రహానికి గురైన ఒక బుజుర్గును చూడటానికి వెళ్లాడన్న కారణంతో ఆయన మీదా కాపలా పెట్టారు. ఇక ప్రాణం దక్కదనుకుని రోజాలు ఉంటూ, ఖురాన్ చదువుకుంటూ గడిపారు. బతికి బయటపడ్డాక ఉన్నదంతా దానం చేసి ఫకీరు బట్టలు కట్టుకున్నారు. కొన్నాళ్లకు సుల్తాన్ మళ్లీ పిలిచి, చైనా చక్రవర్తి దగ్గరకు రాయబారిగా పంపారు.

ఆ ప్రయాణం అడుగడుగునా కష్టాలే. అలీగఢ్ దగ్గర దోపిడీగాళ్లకు చిక్కారు. కాలికట్ రేవులో తుఫాను వచ్చి సుల్తాన్ కానుకలున్న ఓడ బద్దలైంది. జుమా నమాజు కోసం ఒడ్డున ఆగిపోవడం వల్ల ఆయన బతికారు. తన సామాను ఎక్కించిన ఇంకో ఓడ తనను వదిలేసి వెళ్లిపోయింది. మిగిలింది పది దీనార్లు, పరుచుకుని పడుకునే తివాచీ. ఉత్త చేతులతో ఢిల్లీకి పోతే సుల్తాన్ ఏమంటాడో అని భయం. అటునుంచి మాల్దీవులకు వెళ్లి అక్కడ ఖాజీగా పనిచేశారు. సింహళం, బెంగాల్, సుమత్రా మీదుగా చివరికి చైనా చేరారు.

తిరుగు ప్రయాణంలో 1348లో దమిష్క్ వచ్చేసరికి ప్లేగు మహమ్మారి ఊళ్లను ఊడ్చేస్తున్నది. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు ఎవరి గ్రంథం వారు పట్టుకుని, ఒక్కటిగా వీధుల్లోకి వచ్చి దుఆ చేయడం ఆయన కళ్లారా చూశారు. తండ్రి పోయి పదిహేనేళ్లయిందని అక్కడే తెలిసింది. పూర్వం ఆ ఊళ్లో వదిలి వెళ్లిన కొడుకు కూడా చనిపోయాడని అక్కడే విన్నారు. 1349లో స్వదేశంలో అడుగుపెడితే, కొన్ని నెలల కిందటే తల్లి కూడా ప్లేగుతో కన్నుమూసిందన్న కబురు ఎదురైంది. లోకమంతా చూసిన మనిషి ఊరు చేరి చూడగలిగింది అమ్మ సమాధిని. ఈ మాట చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

ఆ తర్వాత స్పెయిన్‌లోని గ్రనాడా చూశారు. సహారా ఎడారి దాటి మాలీ రాజ్యం వెళ్లారు. దారిలో తగాజా అనే ఊళ్లో ఉప్పు దిమ్మెలతో కట్టిన ఇళ్లు చూశారు. 1354లో ఫాస్ నగరానికి తిరిగి వచ్చారు. తిరిగిన దూరమంతా కలిపితే సుమారు 1,17,000 కిలోమీటర్లని ఒక అంచనా.

ఇక పుస్తకం సంగతి. దాన్ని ఇబ్నె బతూతా తన చేత్తో రాయలేదు. మొరాకో సుల్తాన్ అబూ ఇనాన్ హుకుం మీద ఆయన చెబుతూ ఉంటే ఇబ్నె జుజయ్ అనే యువ పండితుడు రాసుకున్నాడు. బుఖారాలో సమాధుల మీద నుంచి ఎత్తి రాసుకున్న కాగితాలు సముద్రం మీద దొంగల పాలయ్యాయి. ఎక్కువ భాగం జ్ఞాపకం మీద చెప్పిందే. 1355 డిసెంబరులో చెప్పడం పూర్తయింది. అంతకుముందు శతాబ్దాల యాత్రికుడు ఇబ్నె జుబైర్ పుస్తకం నుంచి కొన్ని వర్ణనలు ఇందులో చేరాయని పండితులు తేల్చారు. అది దాచాల్సిన విషయం కాదు. రాసిన ఇబ్నె జుజయ్ కొద్ది కాలానికే, నలభై నిండకుండానే చనిపోయాడు. ఇబ్నె బతూతా శేషజీవితం స్వదేశంలోనే ఖాజీగా గడిపారు.

పుస్తకం ఉత్తర ఆఫ్రికాలో చేతిరాత ప్రతులుగా నిలిచింది. ఆ ప్రతుల ఆధారంగా 1853 నుంచి 1858 వరకు పారిస్‌లో అరబ్బీ మూలం, ఫ్రెంచి అనువాదం నాలుగు సంపుటాలుగా అచ్చయ్యాయి. మన దేశంలో మౌల్వీ మహమ్మద్ హుసైన్ ఉర్దూలోకి తెచ్చారు. భారతదేశం, మాల్దీవులు, సింహళానికి సంబంధించిన భాగం 1953లో బరోడా నుంచి ఇంగ్లీషులో వచ్చింది.

మరి బొమ్మలు? ఆయన కాలంలో ఆయన బొమ్మ ఎవరూ గీయలేదు. అందరూ చూసే బొమ్మ, లియోన్ బెనెట్ అనే ఫ్రెంచి చిత్రకారుడు జూల్ వెర్న్ పుస్తకం కోసం ఊహించి గీసింది, 1878 నాటిది. ఒంటెలు, ఓడలు, హాజీల కారవాన్లు ఉన్న అందమైన పాత చిత్రాల్లో చాలావరకు వాసితీ అనే కళాకారుడు 1237లో వేసినవి. అవి హరీరీ రచించిన మఖామాత్ అనే వేరే గ్రంథానికి వేసినవి. అప్పటికి ఇబ్నె బతూతా పుట్టనే లేదు.

కాబట్టి ఆ కుర్రవాడికి చెప్పిన జవాబు ఇదే. ముఖం ఎవరో ఊహించింది, కలం ఇంకొకరిది, చూసిన కళ్లు మాత్రం ఆయనవి. కూర్చోబెట్టి చెప్పించినవారు, ఓపికగా రాసినవారు లేకపోతే ఆ కళ్లు చూసిందంతా ఆయనతోపాటే మట్టిలో కలిసేది.

సభ్య సోదరులకు, అక్కచెల్లెళ్లకు చివరిగా ఒక మనవి. మన ఇళ్లలో ఓడ మీద హజ్‌కు వెళ్లి వచ్చినవారు, పొట్టకూటికోసం గల్ఫ్ దేశాలు తిరిగి వచ్చినవారు ఉన్నారు. రాత్రి భోజనాలయ్యాక పిల్లలచేత ఒక నోటుబుక్కు పట్టించి, వాళ్లు చెప్పేది రాయించండి. తారీఖు గుర్తున్నచోట తారీఖు, లేనిచోట ఊరి పేరు చాలు. బొమ్మలు తర్వాత ఎవరైనా వేసుకుంటారు. ముందు మాట మిగలాలి.